శరణార్థుల పునరావాసం: నాకు నాలుగున్నర మార్కులు వచ్చిన ప్రశ్న

పోయిన నెల నేను రాసిన ఒక మాక్ టెస్టులో, జీఎస్ పేపర్-1లో ఈ ప్రశ్న వచ్చింది: దేశ విభజన తర్వాత శరణార్థుల పునరావాసంలో భారత ప్రభుత్వం ఎంతవరకు సఫలమైంది? 15 మార్కులు, 250 పదాలు. చూడగానే సంబరపడ్డాను. నోట్స్‌లో జవాబు తయారుగా ఉంది కదా. కురుక్షేత్ర శిబిరం, పునరావాస మంత్రిత్వ శాఖ, 1954 పరిహార చట్టం, ఫరీదాబాద్, దండకారణ్యం, అన్నీ వరసగా పేర్చి, చివర "ప్రపంచ చరిత్రలోనే అరుదైన విజయం" అని ఒక వాక్యం తగిలించి వచ్చేశాను. పదిహేనుకు నాలుగున్నర. మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో ఒకే ఒక్క మాట రాసి ఉంది: "ఎవరి దృష్టిలో సఫలం?"

మొదట ఒళ్ళు మండింది. ఫ్యాక్ట్స్ అన్నీ ఉన్నాయి, ఇంకేం కావాలి అనుకున్నాను. మెకానికల్ చదివినవాడిని కదా, ఎంతమంది వచ్చారు, ఎన్ని ఇళ్ళు కట్టారు, ఎన్ని ఎకరాలు ఇచ్చారు అన్న లెక్క తేలితే ప్రశ్న తేలిపోయినట్టే నాకు. అదే వారం అమ్మమ్మకి ఫోన్ చేసినప్పుడు మాటల్లో ఈ టెస్టు సంగతి చెప్పాను. మా అమ్మమ్మ పుట్టింది రంగూన్‌లో. పధ్నాలుగేళ్ళప్పుడు, 1965లో, ఓడెక్కి విశాఖపట్నం వచ్చింది. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే, కానీ నేను ఏనాడూ అడిగింది లేదు. ఆ రోజు అడిగాను.

"బల్ల కాడ కూకున్నాయన సొంతూరేటని అడిగాడు నాన్నా. మాయమ్మ రంగూన్ అంది. అది కాదమ్మా, సొంతూరు, అన్నాడు. మల్లీ రంగూనే అంది. ఆయన ఇసుక్కుని మా తాతల ఊరి పేరేదో రాసుకున్నాడు. ఆ ఊరు మాయమ్మ సూడనే లేదు."

ఆ ఫారంలో రాసుకున్న ఊరే ఆ తర్వాత రేషన్‌కీ, అప్పుకీ, అన్నిటికీ వాళ్ళ చిరునామా అయింది. ఆ గుమాస్తాది తప్పని నేను అనను. ఆయన ముందున్న ఫారంలో ఉన్న గడి అది. నా జవాబులో లేనిది ఏమిటో మాత్రం ఆ ఫోన్ పెట్టేశాక అర్థమైంది. అందుకే ఈ పోస్టు. సిలబస్‌లో "స్వాతంత్ర్యానంతర ఏకీకరణ" కింద దీన్ని చదువుతాం. నిజానికి ఇది జీఎస్-1, జీఎస్-2, ఎథిక్స్ మూడింటికీ పనికొచ్చే విషయం. కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు ఒక పదం చూద్దాం. సామాజిక సేవను వృత్తిగా బోధించే చోట "సాంస్కృతిక సామర్థ్యం" అనే మాట వాడతారు. 1989లో అమెరికాలో టెర్రీ క్రాస్, ఆయన సహచరులు పిల్లల మానసిక ఆరోగ్య సేవల మీద రాసిన పత్రంతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. 2001లో అక్కడి సోషల్ వర్కర్ల జాతీయ సంఘం దీనికి ప్రమాణాలు కూడా రాసుకుంది. విషయం మరీ కష్టమైనదేమీ కాదు. వలస వచ్చినవాడికో, శరణార్థికో సాయం చేసేవాడు అతని భాష, తిండి, కుటుంబ పద్ధతి, మతం, సిగ్గు, భయం ఇవన్నీ తెలుసుకుని పనిచేయాలి. తన పద్ధతే అందరి పద్ధతి అనుకోకూడదు. 1998లో ఇద్దరు వైద్యులు, టెర్వలోన్, ముర్రే-గార్సియా, దీనికి ఒక సవరణ చెప్పారు. ఇంకొకరి సంస్కృతిలో నువ్వు ఎప్పటికీ "నిపుణుడివి" కాలేవు, కాబట్టి సామర్థ్యం కంటే వినయం సరైన మాట అన్నారు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, కిందికి వెళ్ళాక పనికొస్తుంది.

ఈ పదం పుట్టకముందే, 1947లో, మన దేశం ఈ పరీక్ష రాసింది. కోటికి పైగా జనం సరిహద్దు దాటారు. కురుక్షేత్ర శిబిరంలోనే ఒక దశలో దాదాపు 3 లక్షల మంది ఉన్నారు. శిక్షణ పొందిన సోషల్ వర్కర్లు దేశం మొత్తం మీద ఎంతమంది ఉంటారు అప్పటికి? బొంబాయిలో 1936లో మొదలైన సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్, అంటే ఇప్పటి టిస్, ఒకటి. అక్కడివాళ్ళు కురుక్షేత్రం వెళ్ళి పనిచేశారు. మిగతా పనంతా ఐసీఎస్ అధికారులు, గాంధేయులు, కాంగ్రెస్ సోషలిస్టులు, ఇల్లు దాటి తొలిసారి బయటికొచ్చిన ఆడవాళ్ళు, అప్పుడే డిగ్రీ పూర్తయిన కుర్రాళ్ళు చేశారు. పాఠ్యపుస్తకం లేదు. ఎవరి బుద్ధికి తోచినట్టు వాళ్ళు చేశారు. అందుకే ఫలితాలు అంత వేరువేరుగా వచ్చాయి.

పంజాబ్ భూముల పంపిణీతో మొదలుపెడతాను, ఎందుకంటే ఇందులో లెక్క ఉంది, లెక్కతో పాటు ఇంకొకటి కూడా ఉంది. పశ్చిమ పంజాబ్‌లో హిందువులు, సిక్కులు వదిలి వచ్చిన భూమి సుమారు 27 లక్షల హెక్టార్లు. తూర్పు పంజాబ్‌లో ముస్లింలు వదిలి వెళ్ళింది సుమారు 19 లక్షల హెక్టార్లే. పైగా అక్కడిది కాలువల కింది నల్లబంగారం, ఇక్కడిది చాలా చోట్ల మెట్ట. తర్లోక్ సింగ్ అనే ఐసీఎస్ అధికారి దీనికి రెండు ఉపాయాలు కనిపెట్టాడు. ఒకటి "స్టాండర్డ్ ఎకరం": విస్తీర్ణం బట్టి కాకుండా దిగుబడి బట్టి భూమిని కొలవడం. రెండోది మెట్లు మెట్లుగా కోత: మొదటి పది ఎకరాల మీద 25 శాతం కోత, పైకి పోయే కొద్దీ పెరుగుతూ పెద్ద భూస్వాములకు 95 శాతం దాకా. ఇంజనీర్లకు నచ్చే పరిష్కారం ఇది. నేనూ నోట్స్‌లో అంతవరకే రాసుకున్నాను.

నేను వదిలేసింది దరఖాస్తులను ఎలా తేల్చారన్నది. కాగితాలన్నీ అవతలి దేశంలో ఉండిపోయాయి. ఎవడు పదెకరాలని రాస్తే అది పది, వందని రాస్తే వంద. అప్పుడు వీళ్ళేం చేశారంటే, ఒకే ఊరి నుంచి వచ్చినవాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఒక్కొక్కరి దరఖాస్తును బిగ్గరగా చదివారు. "ఫలానా ఆయనకు ఫలానా బావి పక్కన ఇరవై ఎకరాలు" అనగానే మిగతావాళ్ళు ఔనంటారు, కాదంటారు, సరిచేస్తారు. అబద్ధం చెప్పేవాడికి గుమాస్తా భయం కంటే ఊరి భయం ఎక్కువ. వీలైనంతవరకు ఊరివాళ్ళను కలిపే కొత్తచోట స్థిరపరిచారు. ఊరనేది భూమిలోనే కాదు, మనుషుల మధ్య కూడా ఉంటుందని ఆ అధికారులకు తెలుసు. ఎలా తెలుసు? వాళ్ళలో చాలామంది పంజాబీలు, కొందరు తామే శరణార్థులు. భాషకి దుబాసీ అక్కర్లేదు. ఈ అనుకూలత దేశంలో ఇంకెక్కడా దొరకలేదు.

ఫరీదాబాద్ కథ ఇంకా బాగుంటుంది, కొంచెం బాధగానూ ఉంటుంది. వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుంచి, అంటే బన్నూ, కోహట్, డేరా ఇస్మాయిల్ ఖాన్, పెషావర్ వైపు నుంచి వచ్చిన హిందువులు, సిక్కులు కురుక్షేత్రంలో ఉన్నారు. వాళ్ళను ముక్కలు ముక్కలుగా రాజస్థాన్ వైపు అక్కడికీ ఇక్కడికీ పంపుదామనుకుంది ప్రభుత్వం. వాళ్ళు కదలం అన్నారు. వీళ్ళలో బాద్షా ఖాన్ ఖుదాయీ ఖిద్మత్‌గార్ ఉద్యమంలో పనిచేసినవాళ్ళున్నారు, సత్యాగ్రహం చేయడం కొత్త కాదు. ఢిల్లీ వచ్చి ప్రధాని ఇంటి ముందే కూర్చున్నారు. వాళ్ళు అడిగింది ఒక్కటే: మమ్మల్ని విడదీయకండి, ఢిల్లీకి దగ్గర్లో ఉండనివ్వండి.

1949లో ఫరీదాబాద్ డెవలప్‌మెంట్ బోర్డు ఏర్పడింది. అధ్యక్షుడు బాబూ రాజేంద్ర ప్రసాద్. కమలాదేవి చటోపాధ్యాయ, హృదయనాథ్ కుంజ్రూ సభ్యులు, సుధీర్ ఘోష్ నిర్వహణ చూసేవారు. బోర్డు సమావేశాలకు నెహ్రూ స్వయంగా వచ్చేవారు. కమలాదేవి అప్పటికే 1948లో ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ పెట్టి, ఢిల్లీ దగ్గర ఛతర్‌పూర్‌లో శరణార్థులతో ఉమ్మడి సేద్యం చేయిస్తున్నారు. ఆమెతో పనిచేసిన కుర్రాళ్ళలో ఎల్.సి. జైన్ ఒకరు. చాలా ఏళ్ళ తర్వాత, 1998లో, ఆయనే "సిటీ ఆఫ్ హోప్" అని ఫరీదాబాద్ మీద పుస్తకం రాశారు. దొరికితే చదవండి, ఎథిక్స్ పేపర్‌కి ఇంతకంటే మంచి కేస్ స్టడీ నాకు కనపడలేదు.

ఇళ్ళు ఎవరు కట్టాలన్న దగ్గర తగువు వచ్చింది. మామూలుగా అయితే పీడబ్ల్యూడీ టెండర్లు పిలుస్తుంది, కాంట్రాక్టర్ వస్తాడు. బోర్డు ఆ పని శరణార్థుల సహకార సంఘాలకే ఇచ్చింది. వ్యాపారాలు చేసుకున్న చేతులు, ఇటుక మోయడం తెలియని చేతులు. అయినా నేర్చుకున్నారు, ఐదు వేలకు పైగా ఇళ్ళు కట్టుకున్నారు. ఉచిత రేషన్ ఆగిపోయి కూలి డబ్బులు మొదలయ్యాయి. యుద్ధ పరిహారంగా జర్మనీ నుంచి వచ్చి కలకత్తాలో పడి ఉన్న డీజిల్ విద్యుత్ ప్లాంటును తెప్పించి ఊరికి కరెంటు ఇచ్చారు. ఆ యంత్రం బిగించిన సంగతి చదువుతుంటే నాకు నిద్ర పట్టలేదు, మెకానికల్ పిచ్చి అనుకోండి. వాళ్ళు కట్టుకున్న ఆసుపత్రికి బాద్షా ఖాన్ పేరు పెట్టుకున్నారు. పాకిస్తాన్‌లో ఉండిపోయిన ఒక ముస్లిం నాయకుడి పేరు, పాకిస్తాన్ నుంచి తరిమేయబడిన హిందువులు! "శరణార్థి" అన్న ఒక్క మాటలో ఇవన్నీ ఎక్కడ పడతాయి? (2020 డిసెంబరులో ఆ పేరు మార్చారు. అక్కడి పాత కుటుంబాలవాళ్ళు అభ్యంతరం చెప్పారు.)

బాధ ఏమిటంటే, కొన్నేళ్ళకే ఊరు మామూలు శాఖ చేతిలోకి వెళ్ళింది. సహకార సంఘాలు నిలబడలేదు. సొంతంగా లెక్కలు చూసుకున్నవాళ్ళు మళ్ళీ ఆఫీసు ముందు వరసలో నిలబడ్డారు. జైన్ పుస్తకంలో సగం ఈ దిగులే.

ఇప్పటిదాకా చదివి, "సరే, స్థానిక సంస్కృతి తెలిసినవాళ్ళను పెడితే చాలు" అని మీరు నోట్ చేసుకుంటూ ఉండొచ్చు. నేనూ అలాగే రాసుకున్నాను. తర్వాత అపహరణకు గురైన స్త్రీల చరిత్ర చదివి ఆ వాక్యం కొట్టేశాను.

1947 డిసెంబరు 6న రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి: ఎత్తుకుపోబడిన ఆడవాళ్ళను వెతికి ఎవరి దేశానికి వాళ్ళను చేర్చాలి. ప్రభుత్వ అంచనా ప్రకారం భారత్‌లో ఉండిపోయిన ముస్లిం స్త్రీలు 50,000, పాకిస్తాన్‌లో ఉండిపోయిన హిందూ, సిక్కు స్త్రీలు 33,000. మృదులా సారాభాయ్ ఈ పనికి నాయకత్వం వహించారు. కమలాబెన్ పటేల్ లాహోర్‌లో ఉండి పనిచేశారు. ఢిల్లీలో అనీస్ కిద్వాయ్, భర్తను ఆ అల్లర్లలోనే పోగొట్టుకున్న మనిషి, శిబిరాల్లో తిరిగారు. వీళ్ళ ధైర్యాన్ని తక్కువ చేసే అర్హత మనకెవరికీ లేదు. రాత్రిపూట పల్లెల్లోకి వెళ్ళి, తుపాకులున్న ఇళ్ళ ముందు నిలబడి ఆడపిల్లలను తెచ్చారు.

1949లో దీనికి చట్టం చేశారు. ఆ చట్టంలో "అపహృత వ్యక్తి" నిర్వచనం చూడండి. పదహారేళ్ళ లోపు మగపిల్లవాడు, లేదా ఏ వయసు ఆడమనిషైనా సరే, 1947 మార్చి 1 తర్వాత కుటుంబం నుంచి విడిపోయి మరొకరి ఇంట్లో ఉంటే, ఆమె అపహృత వ్యక్తే. ఆ తర్వాత పుట్టిన బిడ్డ కూడా అంతే. వారంటు అక్కర్లేదు. ఆమె ఎవరు, ఎక్కడికి పోవాలి అనేది ట్రిబ్యునల్ తేలుస్తుంది. "నేను ఇక్కడే ఉంటాను, నాకు ఇక్కడ పిల్లలున్నారు" అని ఆమె చెబితే? ఆ మాటకు చట్టంలో బరువు లేదు. భయంతో అంటోందేమో, ఆమెకు ఆలోచించే స్థితి లేదేమో అన్నది వాదన. చాలామంది విషయంలో అది నిజం కూడా. అందరి విషయంలోనూ నిజం కాదు. రామేశ్వరీ నెహ్రూ ఇదే మాట మీద, ఇష్టం లేనివాళ్ళను బలవంతంగా పంపడం రెండోసారి పెకిలించడమే అని, 1949లో ఆ బాధ్యత నుంచి తప్పుకున్నారు. పాలిటీ చదివేవాళ్ళకు ఒక మాట: ఈ చట్టం కింద స్వాధీనం చేసుకోవడం 22వ అధికరణంలో చెప్పిన "అరెస్టు" కిందకు రాదని సుప్రీంకోర్టు 1952లో పంజాబ్ రాష్ట్రం వర్సెస్ అజైబ్ సింగ్ కేసులో చెప్పింది. 22వ అధికరణం దగ్గర మనం ఈ కేసును ఒక లైనుగా బట్టీ పడతాం. ఆ కేసు మధ్యలో ఉన్నది పన్నెండేళ్ళ పిల్ల అని ఏ నోట్స్‌లోనూ ఉండదు.

ఇక్కడ ఆ సేవికలకు సంస్కృతి తెలియక కాదు. బాగా తెలుసు. తిరిగొచ్చిన కూతుళ్ళను ఇళ్ళు తీసుకోవని తెలుసు. అందుకే గాంధీ, నెహ్రూ విజ్ఞప్తులు చేశారు. పురాణాలను, ధర్మశాస్త్రాలను ఉదహరిస్తూ, వీళ్ళు పవిత్రులే, తీసుకోండి అని కరపత్రాలు వేశారు. ఇంతకంటే సాంస్కృతిక సామర్థ్యం ఏముంటుంది? కానీ ఆ తెలివంతా తండ్రికీ, అన్నకీ, భర్తకీ నచ్చచెప్పడానికి ఖర్చయింది. ఆమెకు ఏం కావాలో అడగడానికి ఆ ఫారంలోనూ గడి లేదు. రెండు దేశాల్లో కలిపి దాదాపు 30,000 మందిని తెచ్చారని లెక్క. ఆ లెక్క సరైనదే. నా మార్జిన్‌లోని ప్రశ్న కూడా సరైనదే.

పశ్చిమం నుంచి తూర్పుకు వద్దాం. తూర్పు బెంగాల్ నుంచి జనం ఒక్క ఊపున రాలేదు. 1947లో కొందరు, 1950 అల్లర్లప్పుడు చాలామంది, 1964లో మళ్ళీ, అలా వస్తూనే ఉన్నారు. వీళ్ళు తిరిగి వెళ్ళిపోతారని ఢిల్లీ అనుకుంది. 1950 ఏప్రిల్‌లోని నెహ్రూ-లియాఖత్ ఒప్పందం ఉద్దేశం అదే. కాబట్టి పంజాబ్‌లోలా వదిలేసిన ఆస్తుల బదలాయింపు లేదు, 1954 చట్టం ఇచ్చిన పరిహారం వీళ్ళకు లేదు. మొదట వచ్చిన భద్రలోకులు కలకత్తా చుట్టూ ఖాళీ స్థలాలు ఆక్రమించుకుని కాలనీలు కట్టుకున్నారు. చివరగా వచ్చినవాళ్ళలో ఎక్కువమంది నామశూద్రులు, దళిత రైతులు, పడవ నడిపేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు. వీళ్ళకు శిబిరాలే గతి.

1958లో దండకారణ్య ప్రాజెక్టు వచ్చింది. ఒడిశాలోని కోరాపుట్, కలహండి, అప్పటి మధ్యప్రదేశ్‌లోని బస్తర్. శిబిరాల్లో ఉన్నవాళ్ళకు రెండే దారులు: ఆరు నెలల డోలు తీసుకుని శిబిరం వదలడం, లేదా దండకారణ్యం వెళ్ళడం. మ్యాపు తీసి చూడండి. ఖుల్నా, బరిసాల్ జిల్లాలు సముద్ర మట్టానికి మీటర్ల ఎత్తులో ఉండే డెల్టా. ఏ దిక్కు చూసినా నది, ఖాల్, చెరువు. రోడ్డు కంటే పడవ దగ్గర. మన కోనసీమ రైతును తీసుకెళ్ళి అరకు మీద కొండవాలులో దించి, ఇదిగో ఏడెకరాలు, చేసుకో అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పలచటి ఎర్ర నేల, వాన నీళ్ళు నిలవని వాలు. ప్రాజెక్టుకు అధ్యక్షుడిగా పనిచేసిన శైబాల్ కుమార్ గుప్తా 1965లో "ఎకనమిక్ వీక్లీ"లో వరుసగా వ్యాసాలు రాసి, చాలా చోట్ల ఆ నేల, ఆ నీటి వసతి ఒక కుటుంబాన్ని పోషించలేవని లెక్కలతో సహా చెప్పారు. ప్రాజెక్టు పెట్టినవాళ్ళకు ఎకరాలు తెలుసు. వరి రైతుకు నీళ్ళు అంటే ఏమిటో తెలియలేదు.

ఊళ్ళకు పేర్లు కూడా పెట్టలేదు. మల్కన్‌గిరి ఊళ్ళకు ఎంవీ-1, ఎంవీ-2, పరల్‌కోట్ ఊళ్ళకు పీవీ-1, పీవీ-2, అలా నంబర్లే. ఇది పాత సంగతేమీ కాదు. మన చింతూరు దాటి, మోటు మీదుగా మల్కన్‌గిరి వైపు వెళ్తే ఆ నంబర్ల ఊళ్ళు ఈ రోజుకీ కనిపిస్తాయి. పందిట్లో బెంగాలీ సొరకాయలు, ఇంటి పక్కన చిన్న చేపల గుంట, బోర్డు మీద నంబరు. అక్కడికి బలిమెల నీళ్ళు పొట్టేరు కాలువల్లో రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. వచ్చాక వాళ్ళు అక్కడ పంట తీసి చూపించారు, అది వేరే కథ. తెలంగాణలో కాగజ్‌నగర్ దగ్గర కూడా ఇలా తెచ్చి స్థిరపరిచిన బెంగాలీల ఊళ్ళున్నాయి.

ఇంకో పక్షం ఉంది, దాన్ని మరిచిపోతే మళ్ళీ నాలుగున్నరే. ఆ అడవి ఖాళీది కాదు. గోండులు, కోయలు, ఇంకా ఎన్నో ఆదివాసీ తెగల పోడు, మేత, దేవుళ్ళు అక్కడున్నారు. ప్రాజెక్టులో సాగులోకి తెచ్చిన భూమిలో కొంత వాళ్ళకూ ఇచ్చారు. కానీ కొత్తగా వచ్చేవాళ్ళు ఎవరు, ఎందుకు వస్తున్నారు, మీకు సమ్మతమేనా అని ఎవరూ అడిగిన దాఖలా నాకు దొరకలేదు. ఇద్దరు నిరుపేదలను పక్కపక్కన కూర్చోబెట్టి మధ్యలో సర్వే రాళ్ళు పాతారు.

1977లో పశ్చిమ బెంగాల్‌లో వామపక్ష ప్రభుత్వం వచ్చింది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు శరణార్థులను బెంగాల్‌లోనే ఉంచాలని పోరాడినవాళ్ళు కదా అని, 1978లో దండకారణ్యం నుంచి వేలాది కుటుంబాలు ఉన్నవి అమ్ముకుని బయల్దేరాయి. కొన్ని వేలమంది సుందరవనాల్లోని మరిచ్‌ఝాపి దీవికి చేరారు. బురద, ఉప్పునీళ్ళు, పులులు. వాళ్ళకు తెలిసిన నేల అది. కట్టలు వేశారు, బడి పెట్టుకున్నారు, చేపల పట్టు మొదలుపెట్టారు, బావులు తవ్వారు. ఎవరి సాయం లేకుండా నెలల్లోనే. అది రిజర్వు అటవీ భూమి అని ప్రభుత్వం అంది. 1979 జనవరిలో 144 సెక్షన్ పెట్టి పడవలతో దీవిని దిగ్బంధించారు. తిండి, నీళ్ళు ఆగిపోయాయి. మేలో ఇళ్ళు తగలబెట్టి ఖాళీ చేయించారు. ఎంతమంది చనిపోయారన్నది ఈ రోజుకీ తేలలేదు. ప్రభుత్వ లెక్కకీ, బతికి బయటపడ్డవాళ్ళ లెక్కకీ పొంతనే లేదు. అమితవ్ ఘోష్ "ది హంగ్రీ టైడ్" నవల వచ్చాక బయటి ప్రపంచానికి కాస్త తెలిసింది. నేను నా జవాబులో "దండకారణ్యం" అని రాసి పక్కన టిక్కు పెట్టినట్టు వదిలేసిన చోట ఇంత ఉంది.

టిబెటన్ల విషయం త్వరగా చెప్పేస్తాను, మీకు తెలిసిందే. 1959 తర్వాత వచ్చినవాళ్ళను మొదట హిమాలయ రోడ్డు పనుల్లో పెట్టారు. 1960లో మైసూరు రాష్ట్రంలో బైలకుప్పె దగ్గర భూమి ఇచ్చారు. మొదటి ఏళ్ళలో ఎండ, జ్వరాలు, ఏనుగులు వాళ్ళను చాలా బాధించాయి. అయితే ఒక తేడా ఉంది: కలిపి ఉంచారు. 1961లో టిబెటన్ బడుల కోసం ప్రత్యేక సంస్థ పెట్టి, పిల్లలు సొంత భాష చదువుకునేలా చేశారు. అనాథ పిల్లలను హాస్టల్‌లో కాకుండా, ఒక పెంపుడు తల్లి కింద కొందరు పిల్లలు ఒక ఇల్లుగా పెంచే పద్ధతిని ధర్మశాలలో టిబెటన్లే పెట్టుకున్నారు. మన శ్రీకాకుళం సరిహద్దు దాటగానే గజపతి జిల్లా చంద్రగిరిలో ఉన్న ఊరు కూడా అలాంటిదే. చలికాలం మన ఊళ్ళలో స్వెట్టర్లు అమ్మేది ఇలాంటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళే. సంఖ్య తక్కువ, దలైలామా నాయకత్వం, చైనా రాజకీయం, ఈ మూడూ కలిసొచ్చాయి. నామశూద్రుడికి ఇందులో ఒక్కటీ లేదు.

1971 నుంచి ఒకే ఒక్క దృశ్యం. బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు కోటి మంది దాకా వచ్చారు. బొంగావ్ ఆసుపత్రిలో కలరా, నేల మీద రోగులు, సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్ళను డ్రముల్లో పెట్టించి, రోగి పక్కన ఉన్న అమ్మకో అక్కకో కప్పు చేతికిచ్చి తాగించమన్నారు. నర్సులు లేరు కాబట్టి బంధువులే నర్సులయ్యారు. డ్రము మీద "ఓరల్ సెలైన్" అని రాయించారట. సెలైన్ అంటే జనానికి అప్పటికే నమ్మకం, వట్టి ఉప్పునీళ్ళంటే ఎవరు తాగుతారు? ఆయన చూసిన శిబిరంలో మరణాలు 30 శాతం నుంచి 3.6 శాతానికి తగ్గాయి. ఓఆర్ఎస్‌ను సైన్స్ అండ్ టెక్‌లో చదువుతాం. ఆ పేరు పెట్టడం, ఆ కప్పు అమ్మ చేతికివ్వడం సోషల్ వర్క్.

ఇప్పటి సంగతి చూస్తే, 1951 శరణార్థుల ఒప్పందం మీద గానీ 1967 ప్రోటోకాల్ మీద గానీ భారత్ సంతకం చేయలేదు. శరణార్థి అంటే ఎవరో చెప్పే చట్టం మనకు లేదు. 1946 విదేశీయుల చట్టం పోయి 2025లో కొత్త చట్టం వచ్చినా అదే పరిస్థితి. చక్మాల కేసులో 1996లో సుప్రీంకోర్టు 21వ అధికరణం పౌరులు కానివారికీ వర్తిస్తుందని చెప్పింది, అదొక్కటే పట్టుకొమ్మ. చట్టం లేని చోట మొత్తం భారం బల్ల వెనకాల కూర్చున్న మనిషి మీదే పడుతుంది. హైదరాబాద్ బాలాపూర్ వైపు ఉంటున్న రోహింగ్యా కుటుంబంలో ఒకామె కాన్పుకి వచ్చిందనుకోండి. మయన్మార్ మనిషి కదా అని బర్మీస్ దుబాసీని పిలిస్తే ఉపయోగం ఉండకపోవచ్చు. ఆమె మాట చిట్టగాంగ్ బెంగాలీకి దగ్గర, బర్మీస్ చాలామందికి రాదు. ఈ చిన్న సంగతి తెలియకపోతే ఆమె తలూపుతుంది, మీరు "సమ్మతి తీసుకున్నాం" అని రాసుకుంటారు. వాళ్ళు ఇక్కడ ఉండాలా వద్దా అన్న వాదన వేరు, దాని మీద మీకూ నాకూ అభిప్రాయాలు ఉండొచ్చు. కాన్పు ఆ వాదన తేలేదాకా ఆగదు.

మన పరీక్ష గట్టెక్కితే ఆ బల్ల వెనకాల కూర్చునేది మనమే అని మధ్య మధ్యలో గుర్తొచ్చి కాస్త భయమేస్తుంది.

మళ్ళీ అమ్మమ్మ దగ్గరికి. బర్మాలో మన తెలుగువాళ్ళను "కోరంగీ" అనేవారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళారని. అంటే అక్కడ వాళ్ళకు ఇక్కడి ఊరి పేరు తగిలించారు. ఇక్కడికొచ్చాక "బర్మావాళ్ళు" అయ్యారు; విశాఖలో బర్మా క్యాంపు ఇంకా ఆ పేరుతోనే ఉంది. 1962లో నె విన్ వచ్చాక దుకాణాలు జాతీయం చేశారు, 1964లో 50, 100 చాట్ నోట్లు రద్దు చేశారు, బంగారం తేనివ్వలేదు. మన ప్రభుత్వ కాగితాల్లో వీళ్ళు శరణార్థులు కారు, "తిరిగి వచ్చినవారు". అక్కడే పుట్టినదానికి తిరిగి రావడమేమిటని అమ్మమ్మ నవ్వుతుంది.

రివైజ్ చేసిన జవాబు ఆమెకు చదివి వినిపించాను. తర్లోక్ సింగ్ ఊళ్ళను కలిపి కూర్చోబెట్టాడన్న చోట ఆపమంది. రంగూన్‌లో వాళ్ళ వీధిలో నాలుగు తెలుగు కుటుంబాలు, ఒక తమిళ కుటుంబం, ఎదురుగా ఒక బర్మా ముసలమ్మ ఉండేవారట. నాలుగు తెలుగు కుటుంబాలూ ఒకే ఓడలో వచ్చాయి. శిబిరంలో ఫారాల్లో రాసిన "సొంతూళ్ళు" వేరు వేరు జిల్లాలు కావడంతో నలుగురూ నాలుగు చోట్లకు వెళ్ళారు.

"మాయమ్మ ఙపి వండితే వాసనని సుట్టుపక్కలోళ్ళు తలుపులేసుకునీవారు. వండడం మానేసింది. ఆ మూడిళ్ళోళ్ళలో ఒక్కరున్నా ఇద్దరూ కూకుని తినీవారు" అంది. తర్వాత, ఆ తమిళ కుటుంబం మద్రాసులో దిగిందని, వాళ్ళ అమ్మాయి పేరు చెప్పి, ఇంటర్నెట్‌లో వెతికితే దొరుకుతుందా అని అడిగింది. వెతుకుతున్నాను.